కట్టుబడి పనులకు విద్యుత్తు పికప్పు బండి: కొనుటకు ముందు వేసికొనవలసిన లెక్క

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు ఊరక అనలేదు. కట్టుబడి పనిలో ఖర్చు ఏ మూలనుండి వచ్చి మీద పడునో ముందుగా తెలియదు. ఇటుక ధర, సిమెంటు ధర, కూలి ధర అందరును అడుగుదురు. సామాను మోతకు అయిన ఖర్చును మాత్రము పని ముగిసిన పిదప గాని ఎవరును కూడికొనరు. కూడికొనిన నాడు ఆ మొత్తము చూచి ఆశ్చర్యపడుదురు.

మన పాఠశాలలో చదువుకొను పిల్లల తల్లిదండ్రులలో తాపీమేస్త్రీలు కలరు, చిన్న కంట్రాక్టర్లు కలరు, ఇనుము సిమెంటు దుకాణదారులు కలరు, బండి తోలి జీవించువారును కలరు. పురుషోత్తంపూరు చుట్టుప్రక్కల గ్రామములలో పక్కా ఇండ్లు ఏటేట పెరుగుచున్నవి. సూరతు మగ్గముల దగ్గర పనిచేయుచున్న గంజాం బిడ్డలు పంపు సొమ్ము అనేక గోడలలో ఇటుకలై నిలిచియున్నది. ఇట్టి పనులకు సామాను చేరవేయు చిన్న బండి నేడు పలుగు, తాపీ వలెనే ఒక పనిముట్టు అయినది. ఆ బండి ఇప్పుడు డీజిలుతోనే గాక విద్యుత్తుతో కూడ నడుచుచున్నది. “డీజిలు ఖర్చు లేదట, కొనవచ్చునా?” అను ప్రశ్న మన ఇండ్లలో వినబడుచున్నది. కొనుట అనగా సామాన్యముగా అప్పు చేయుట. అప్పు కుదిరినచో కుటుంబము ఒక మెట్టు ఎక్కును. కుదరనిచో మొదట కోతపడునది పిల్లల చదువునకే. కావున ఈ విషయమును మన సంచికలో కొంత వివరముగ వ్రాయదలచితిమి.

మేము చెప్పదలచినది ఒక్కటే. బండి మంచిదా చెడ్డదా అని ముందుగా విచారింపరాదు. మన దినవారీ పనిని ముందు తూచవలెను: ఎంత బరువు, ఎంత దూరము, సంవత్సరములో ఎన్ని దినములు. ఈ మూడు తెలిసినచో బండిని గూర్చిన జవాబు తనంతట తానే వచ్చును.

పికప్పు బండి వచ్చిన వరుస

ఒకప్పుడు మన ప్రాంతమున కట్టుబడి సామాను ఎడ్లబండి మీదనే పోయెడిది. తరువాత ట్రాక్టరు తొట్టి వచ్చినది, మూడు చక్రముల బండి వచ్చినది. 2005లో టాటా వారు ‘ఏస్’ అను చిన్న నాలుగు చక్రముల బండిని తెచ్చిరి. జనులు దానిని ‘ఛోటా హాథీ’ అని ముద్దుగా పిలిచిరి. సందులో దూరగలుగుట, తక్కువ ధర, ఒక మనిషి జీవనాధారమునకు సరిపడు బరువు లాగుట దాని గుణములు. 2011లో అశోక్ లేలండ్ వారి ‘దోస్త్’ వచ్చినది. మహీంద్రా వారి బొలేరో పికప్పు అంతకంటె పెద్ద బరువులకు వాడుకలో నున్నది.

ఈ వరుసలోనే విద్యుత్తు బండ్లు బయలుదేరినవి. టాటా వారి ‘ఏస్ ఇ.వి.’ 2022 మే నెలలో ప్రదర్శింపబడి, 2023 జనవరిలో మొదటి కొనుగోలుదారులకు అందినది. దాని బ్యాటరీ శక్తి 21.3 యూనిట్లు, మోయు సామాను 600 కిలోలు, పరీక్షాశాలలో నిర్ధారించిన దూరము ఒక ఛార్జింగుకు 154 కిలోమీటర్లు. 2024లో అదే వరుసలో ఒక టన్ను మోయు రకము వచ్చినది. అదే సంవత్సరము అక్టోబరులో మహీంద్రా వారి ‘జియో’ 765 కిలోల మోతతో వచ్చినది. అయిలర్ కంపెనీ వారి ‘స్టార్మ్’ 1,250 కిలోలు మోయునని కంపెనీ వారు ప్రకటించిరి. 2025 జూన్‌లో టాటా వారు 750 కిలోలు మోయు ‘ఏస్ ప్రో’ అను మరింత చిన్న బండిని, తక్కువ ధరకు, 14.4 యూనిట్ల బ్యాటరీతో విడుదల చేసిరి. ఎంపికకు ఇప్పుడు కొదువ లేదు. కొదువ యున్నది లెక్క చూచుకొను ఓపికకే.

ఈ బండి పనిచేయు విధము

విద్యుత్తును మనము యూనిట్లలో కొలుతుము. ఇంటి మీటరు తిరుగునది ఆ లెక్కననే. ఒక లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్లకు సమానమగు ఉష్ణశక్తి కలదు. కావున 21.3 యూనిట్ల బ్యాటరీ అనగా రెండు లీటర్లకు కొంచెము మించిన డీజిలు మాత్రమే. రెండు లీటర్ల డీజిలుతో బరువు వేసిన బండి నూరు కిలోమీటర్లు పోదు గదా, మరి ఇది ఎట్లు పోవుచున్నది?

దీనికి కారణము యంత్రములోనే యున్నది. డీజిలు ఇంజనులో పుట్టిన వేడిలో మూడింట రెండు వంతులకు పైగా పొగగొట్టము వెంటను, రేడియేటరు వెంటను వృథాగా పోవును. మిగిలినదే చక్రములను త్రిప్పును. విద్యుత్తు మోటారులో వృథా మిక్కిలి తక్కువ. పైగా సామాను దింపుచుండగా బండి నిలిచియున్నప్పుడు అది ఏమియు త్రాగదు. దిగువకు పోవునప్పుడును, వేగము తగ్గించునప్పుడును మోటారే డైనమోగా మారి కొంత శక్తిని తిరిగి బ్యాటరీలో చేర్చును. మాటిమాటికి ఆగి కదలు పనికి ఇది అనుకూలము. కదలుటలోనే పూర్తి బలము చూపుట మోటారునకు సహజము గనుక, నిండు బరువుతో ఎత్తు ఎక్కునప్పుడు గేరుతో తంటాలు పడవలసిన పని లేదు. ఇంజను ఆయిలు, క్లచ్చి పలక, డీజిలు ఫిల్టరు ఖర్చులు ఉండవు.

గుణములు ఇన్ని కలిగియున్నను ఒక పరిమితిని మరువరాదు. డీజిలు బండికి త్రోవలో అయిదు నిమిషములలో ఆకలి తీర్చవచ్చును. దీనికి మాత్రము రాత్రి మేత కావలెను. రాత్రి గాటిలో కట్టి మేపిన ఎద్దు పగలంతయు లాగును. మేత లేని ఎద్దును తెల్లవారి కాడి క్రింద పెట్టి ప్రయోజనము లేదు. ఎడ్లబండి తోలిన మన తాతలకు ఈ నీతి తెలియును. విద్యుత్తు బండి యజమాని దానిని తిరిగి నేర్చుకొనవలెను.

కట్టుబడికి కావలసినది బరువా, దూరమా?

ఇచ్చటనే కట్టుబడి వ్యాపారము ఇతర వ్యాపారములనుండి వేరుపడుచున్నది. పాలు, రొట్టె, మందులు మోయు బండికి దూరము ఎక్కువ, బరువు తక్కువ. కట్టుబడి సామానుకు దూరము తక్కువ, బరువు ఎక్కువ. ఒక ఉదాహరణము చూతము.

వేయి చదరపు అడుగుల స్లాబు ఇంటికి మేస్త్రీల వాడుక లెక్కన అడుగునకు 0.4 బస్తా చొప్పున 400 బస్తాల సిమెంటు పట్టును. బస్తా 50 కిలోలు గనుక మొత్తము 20 టన్నులు. 600 కిలోల బండి ఒక పర్యాయమునకు 12 బస్తాలు మోయును. 400 బస్తాలకు 34 సారులు తిరుగవలెను. టన్ను బండి అయినచో 20 సారులు. ఇక ఇసుక 100 ఘనపుటడుగులు సుమారు నాలుగున్నర టన్నులు తూగును. కావున ఇసుక, కంకర, ఇటుకల మోతకు పికప్పు బండి తగినది కాదు. అది విద్యుత్తుది అయినను సరే, డీజిలుది అయినను సరే. ఆ పని ట్రాక్టరుది, టిప్పరుది.

ఇనుప చువ్వల మాట వేరు. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.89 కిలో చొప్పున, 12 మీటర్ల పొడవునకు 10 కిలోల 700 గ్రాములు తూగును. బరువు విషయమున 50 చువ్వలు మోయవచ్చును గాని, పొడవు 40 అడుగులు. బండి తొట్టి ఏడెనిమిది అడుగులు. వంచి మడచి వేయక, తొట్టి వెనుక వ్రేలాడదీసికొని పోవుట చూచుచున్నాము. చీకటివేళ వెనుక వచ్చు సైకిలు మనిషికి ఆ చువ్వ కొనలు కనబడవు. ఇది ప్రాణముతో చెలగాటము. దుకాణములోనే కొలతకు కోయించి వేయుట ఉత్తమము.

మరి పికప్పు బండికి మిగిలిన పని ఏది? రోజువారీ చిల్లర మోత అంతయు దానిదే. పది పండ్రెండు బస్తాల సిమెంటు, నీళ్ల గొట్టములు, కరెంటు తీగలు, టైల్సు పెట్టెలు, రంగు డబ్బాలు, తలుపు చట్రములు, సెంట్రింగు రేకులు, వైబ్రేటరు, పనివారి పనిముట్లు: ఇవి దినమునకు రెండు మూడు చోట్లకు చేరవలెను. ఈ పనికి విద్యుత్తు బండి సరిగా అమరును. పని తెలిసిన కంట్రాక్టరు భారీ సామానును టిప్పరుకు వదలి, చిల్లర మోతకు మాత్రమే చిన్న బండి నుంచుకొనును.

అధిక భారమును గూర్చి ఒక మాట. చిన్న బండి మీద రెండింతలు వేయుట మన త్రోవలలో అలవాటు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము అధిక భారమునకు జరిమానా 20,000 రూపాయలు, పైగా అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు. విద్యుత్తు బండికి దీనితో పాటు మరియొక శిక్ష కూడ కలదు. బరువు పెరిగిన కొలది పోవు దూరము తరుగును. అధిక భారము వేసినట్లు తేలినచో గ్యారంటీ విషయమున చిక్కులు రావచ్చును. డీజిలు బండి మోసినది గదా అని దీనిపై కూడ వేయువారు చివరకు త్రోవలో నిలిచిపోవుదురు.

రూపాయి లెక్క

పరీక్షాశాల చెప్పు 154 కిలోమీటర్లను నమ్మి పని ఒప్పుకొనరాదు. నిండు బరువు, గతుకుల త్రోవ, ఎండ, బ్యాటరీ వయస్సు అన్నియు కలసి దానిని తగ్గించును. మూడింట రెండు వంతులు, అనగా సుమారు 100 కిలోమీటర్లు అని పెట్టుకొనుట క్షేమము. కొన్ని సంవత్సరముల పిదప అది 80కి దిగవచ్చును. పురుషోత్తంపూరునుండి బరంపురమునకు పోను 35, రాను 35 వేసికొనినను ఒక పర్యాయము సుఖముగా జరుగును. అదే దినమున రెండవ పర్యాయము పోవలసినచో నడుమ ఛార్జింగు లేనిది జరుగదు. హింజిలికాటు, కవిసూర్యనగర్ వైపు పల్లెలకు దగ్గర తిరుగుళ్లు తిరుగువారికి ఈ చిక్కు లేదు.

ఇక ఖర్చు. ఈ క్రింది ధరలు లెక్క కొరకు మేము అనుకొనినవి. చదువరులు తమ బిల్లులోని ధరలు వేసికొనవలెను. విద్యుత్తు యూనిట్టు 6 రూపాయలు, డీజిలు లీటరు 95 రూపాయలు అనుకొందము. నూరు కిలోమీటర్లకు బ్యాటరీలో 21 యూనిట్లు పట్టినను, ఛార్జింగులో కొంత పోవును గనుక మీటరులో 24 యూనిట్లు తిరుగును. ఖర్చు 144 రూపాయలు. డీజిలు బండి లీటరుకు 16 కిలోమీటర్లు పోయినచో నూరు కిలోమీటర్లకు 594 రూపాయలు. తేడా 450 రూపాయలు. అనగా కిలోమీటరునకు నాలుగున్నర రూపాయల మిగులు.

ఈ మిగులు చూచియే అనేకులు తొందరపడుదురు. కాని బండి ధరలోని తేడాను కూడ చూడవలెను. విద్యుత్తు బండి 4 లక్షల రూపాయలు ఎక్కువ అనుకొందము. ఆ 4 లక్షలను నూటికి సాలీనా 11 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చినచో మొదటి సంవత్సరపు వడ్డీయే 44,000 రూపాయలు.

ఇప్పుడు ఇద్దరిని తీసికొందము. మొదటివాడు దుకాణదారుడు. దినమునకు 60 కిలోమీటర్లు, సంవత్సరమునకు 300 దినములు బండి త్రిప్పును. మొత్తము 18,000 కిలోమీటర్లు. మిగులు 81,000 రూపాయలు. వడ్డీ పోను మొదటి ఏటనే 37,000 రూపాయలు అసలు క్రిందికి పోవును. ఏటేట వడ్డీ తగ్గి మిగులు పెరుగును. ఇతనికి విద్యుత్తు బండి లాభము.

రెండవవాడు చిన్న కంట్రాక్టరు. దినమునకు 30 కిలోమీటర్లు, అదియు వానకాలమున పని మందగించును గనుక ఏటికి 200 దినములు మాత్రమే. మొత్తము 6,000 కిలోమీటర్లు. మిగులు 27,000 రూపాయలు. అది వడ్డీకే చాలదు. డీజిలు కొనలేదను సంతోషము ప్రతి ఉదయమును కలుగును; నెల చివర మాత్రము జేబు ఖాళీ యగును. అప్పు చేసి పప్పు కూడు తినుట అనగా ఇదియే.

విచిత్రమేమనగా, తక్కువగా తిరుగువానికి ఈ బండి చాలునని పైకి తోచును. దూరము చాలదను భయము అతనికి లేదు గనుక. లాభము మాత్రము ఎక్కువగా తిరుగువానికే కలుగును. బ్యాటరీ హద్దునకు లోబడి, ఆ హద్దునకు ఎంత దగ్గరగా తిరిగినచో అంత మేలు.

అయినచో చిన్న కంట్రాక్టరునకు దారి లేదా? కలదు. అట్టివారు ముగ్గురు కలసి ఒక బండి నుంచుకొనినచో ముగ్గురి తిరుగుడు కలసి ఏటికి 18,000 కిలోమీటర్లగును. దుకాణదారుని లెక్కయే వారికిని వర్తించును. ముగ్గురిలో ఒకరు కొని తక్కిన ఇద్దరికి కిలోమీటరు చొప్పున బాడుగకు ఇచ్చినను చాలును. ఎవరికి ఏ దినము, పంక్చరు ఖర్చు ఎవరిది, డ్రైవరు జీతము ఎవరిది, బీమా ఎవరి పేర అను విషయములు తెల్లకాగితము మీద వ్రాసికొనవలెను. స్లాబు వేయు దినమున ముగ్గురికిని బండి కావలసివచ్చును. ఆ దినమునకు ముందే వేరు ఏర్పాటు చేసికొనవలెను. బంధువులైనను సరే, మాట మీద నడపిన బండి తగవులోనే నిలుచును.

పన్నుల విషయము కూడ మారినది. విద్యుత్తు బండ్లపై జి.ఎస్.టి. 2019 ఆగస్టునుండి నూటికి 5 మాత్రమే. డీజిలు సామాను బండ్లపై 28గా ఉండినది 2025 సెప్టెంబరు 22నుండి 18కి దిగినది. కావున రెంటి ధరల నడుమ పూర్వము విన్న తేడాను నమ్మక, కొత్త ధరలు అడుగవలెను. ఒడిశా ప్రభుత్వము 2021లో విద్యుత్తు వాహనముల విధానమును ప్రకటించినది. కేంద్ర ప్రభుత్వపు పి.ఎం. ఇ-డ్రైవ్ పథకములో ట్రక్కులకు 2025 జూలైలో వెలువడిన ప్రోత్సాహము, సామానుతో సహా మొత్తపు బరువు 3.5 టన్నులకు మించిన బండ్లకే ఉద్దేశింపబడినది. చిన్న పికప్పు ఆ కొలతకు లోపలిది. “సబ్సిడీ వచ్చును” అని అమ్మకందారుడు నోటితో చెప్పినచో చాలదు. ఎంత, ఎప్పుడు, ఎవరి ఖాతాలోనికి అని వ్రాతపూర్వకముగ తీసికొనవలెను.

రాత్రి మేతకు ఏర్పాటు

ఇంటిలోని 15 ఆంపియర్ల సాకెట్టు సుమారు మూడుంబావు కిలోవాట్ల శక్తినిచ్చును. దినమునకు 60 కిలోమీటర్లు తిరుగు బండికి 15 యూనిట్లు కావలెను. నాలుగైదు గంటలలో నిండును. పూర్తిగా ఖాళీ అయిన 21 యూనిట్ల బ్యాటరీకి ఏడు గంటలు. కావున రాత్రి చాలును. అయితే అయిదారు గంటలపాటు ఎడతెగక పోవు కరెంటును పాత తీగలు భరింపలేవు. మీటరునుండి వేరుగా మందమైన తీగ, సరియైన ఎర్తింగు, తగిన బ్రేకరు లైసెన్సు కల ఎలక్ట్రీషియనుచే వేయించవలెను. వీధిలో నిలిపి కిటికీ గుండ తీగ లాగుట, తడి నేలమీద బోర్డు పడవేయుట ఎంతమాత్రమును కూడదు. ఇంట పిల్లలు తిరుగుచుందురు. వ్యాపారపు బండికి ఏ రేటు వర్తించునో దక్షిణ ఒడిశాలో 2021 జనవరినుండి పంపిణీ చూచుచున్న టి.పి. సదరన్ ఒడిశా డిస్ట్రిబ్యూషన్ వారి కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. సాయంత్రము వోల్టేజి పడిపోవు పల్లెలలో ఛార్జింగును అర్ధరాత్రి తరువాతకు పెట్టుకొనుట మంచిది.

తుపాను దినములు

మన జిల్లాలో ఏ వ్యాపారపు లెక్కయు తుపానును విడిచి వేయరాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము దగ్గర తీరము దాటినప్పుడు గాలి గంటకు 200 కిలోమీటర్లు మించినది. స్తంభములు, తీగలు నేలకూలి గంజాం జిల్లా అనేక దినములు చీకటిలో నుండినది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటి మన జిల్లాను కూడ దెబ్బతీసినది. తుపాను వెలిసిన మరునాటినుండియే రేకులకు, సిమెంటుకు, మేస్త్రీలకు గిరాకీ పెరుగును. ఏడాదిలో బండికి ఎక్కువ పని దొరకు దినములవి. కరెంటు లేని దినములును అవే. పూర్తిగా విద్యుత్తు బండి మీదనే ఆధారపడినవాడు అప్పుడు చేతులు కట్టుకొని కూర్చుండవలసివచ్చును.

దీనికి ఉపాయములు కొన్ని కలవు. తుపాను హెచ్చరిక రెండు మూడు దినములు ముందుగనే వచ్చును గనుక బ్యాటరీని నిండుగా పెట్టుకొనవలెను. ఋషికుల్యకు వరద వచ్చు సూచన యున్నప్పుడు బండిని మెరక మీదికి తరలించవలెను. నీట మునిగిన బండిని తాళము త్రిప్పి చూడరాదు, ఛార్జింగు పెట్టరాదు. కంపెనీ మనుష్యుడు పరీక్షించిన తరువాతనే ముట్టుకొనవలెను. రెండు బండ్లు గల వ్యాపారి ఒకటి డీజిలుది, ఒకటి విద్యుత్తుది ఉంచుకొనుట అన్నివిధముల క్షేమము.

ఇతర దేశముల అనుభవము

ఇంగ్లండులో గత శతాబ్దమున వేలకొలది విద్యుత్తు బండ్లు తెల్లవారుజామున ఇంటింటికి పాలసీసాలు పంచెడివి. అవి వేగముగా పోలేవు, దూరము పోలేవు; అయినను దశాబ్దముల తరబడి నిలిచినవి. ఎందుచేత? ప్రతి దినము ఒకే త్రోవ, ఇన్ని ఇండ్లు అని ముందే తెలిసిన పని, పని ముగియగానే డిపోలో ఛార్జింగు. పాలసీసాల వాడుక తగ్గిన పిదపనే అవి తగ్గినవి. మన నేపాలులోని ఖాట్మండులో సఫా టెంపోలు అను మూడు చక్రముల విద్యుత్తు బండ్లు 1990ల దశాబ్దములో బయలుదేరి, తెలిసిన త్రోవలలో జనులను చేరవేసినవి. పనికి తగిన బండి అయినప్పుడు పాత బ్యాటరీతో కూడ వ్యాపారము జరిగినది.

దీనికి ఎదురు ఉదాహరణము అమెరికాలో దొరకును. 2022లో ఫోర్డు కంపెనీ ‘ఎఫ్-150 లైట్‌నింగ్’ అను పెద్ద విద్యుత్తు పికప్పును తయారుచేయసాగినది. దానినుండి 9.6 కిలోవాట్ల వరకు విద్యుత్తును తీసి పని స్థలములో రంపములు, డ్రిల్లులు నడుపవచ్చునని కట్టుబడివారు సంతోషించిరి. కాని వెనుక బరువైన తొట్టి తగిలించి లాగునప్పుడు దూరము సుమారు సగమునకు పడిపోవుట కనుగొనిరి. ధరయు ఎక్కువ. 2025 డిసెంబరులో కంపెనీ వారు ఆ పూర్తి విద్యుత్తు రకమును ఆపి, ఛార్జింగు చేయు చిన్న ఇంజను కూడ గల మరియొక పద్ధతికి మరలుదుమని ప్రకటించిరి. గొప్ప కంపెనీకి కూడ పనికిని బండికిని పొత్తు కుదరనప్పుడు వెనుకకు తిరుగక తప్పలేదు. మన చిన్న బండ్ల బ్యాటరీనుండి తీగ లాగి మిల్లరో, వెల్డింగు మిషనో నడుపవలెనని కొందరికి తోచవచ్చును. కంపెనీవారు అట్టి ఏర్పాటు చేసి ఇచ్చినప్పుడు తప్ప అది ప్రాణాపాయకరమైన పని.

పిల్లలకు దీనివలన కలుగు ఉపాధి

బండి కొనువారు కొందరే. దానిని బాగుచేయుట నేర్చుకొనవలసినవారు అనేకులు. విద్యుత్తు బండిలో ప్రవహించు కరెంటు ఇంటి కరెంటు వలెనే ప్రమాదకరమైనది. త్రోవ ప్రక్కన స్పానరుతో విప్పి చూచు పాత విద్య దీనికి పనికిరాదు. దేశములోని ఐ.టి.ఐ.లలో ‘మెకానిక్ ఎలక్ట్రిక్ వెహికిల్’ అను శిక్షణ ఏర్పడినది. బరంపురములో ప్రభుత్వ ఐ.టి.ఐ. కలదు, ఎలక్ట్రీషియను, మోటారు మెకానికు విద్యలలో ఆసక్తిగల పిల్లల తల్లిదండ్రులు అక్కడ ఏయే శిక్షణలు కలవో విచారింపవలెను. పదవ తరగతిలో భౌతికశాస్త్రము, గణితము శ్రద్ధగా చదివిన పిల్లవానికి ఈ విద్య కష్టము కాదు.

అంతవరకు ఆగనవసరము లేదు. పైన మేము వేసిన లెక్కలో కూడిక, తీసివేత, గుణకారము, సాధారణ వడ్డీ తప్ప మరేమియు లేవు. ఎనిమిదవ తరగతి పిల్లవాడు వేయగలడు. ఇంటిలో బండి మాట వచ్చినప్పుడు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టి, మీ నిజమైన కిలోమీటర్లు, మీ నిజమైన ధరలు చెప్పి లెక్క వేయించుడు. బండి కాగితములు ఇంగ్లీషులో నుండును, కార్యాలయములలో మాట ఒడియాలో నడచును, మనము ఇంట ఆలోచించునది తెలుగులో. మన పిల్లలు మూడు భాషలును నేర్చుచున్నారు. గ్యారంటీ పత్రమును వారిచేత గట్టిగా చదివించి, తెలుగులో అర్థము చెప్పించుకొనుట తలవంపు కాదు. చదువునకు అంతకు మించిన పరీక్ష ఉండదు.

సంతకమునకు ముందు

చివరగా, సంతకము చేయుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలను వరుసగా ఇచ్చుచున్నాము.

1. ఒక నెలపాటు మన తిరుగుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లో పుస్తకములో వ్రాసితిమా? ఊహించి చెప్పిన దూరము ఎప్పుడును నిజము కాదు.

2. మనము మోయు సామాను ఒక పర్యాయమునకు ఎన్ని కిలోలు? బండి మోయునది 600 అయి మన అలవాటు 1,200 అయినచో అది మన బండి కాదు.

3. వానకాలపు మూడు నాలుగు నెలలలో వాయిదా ఎచ్చటనుండి కట్టుదుము?

4. బ్యాటరీ గ్యారంటీ ఎన్ని సంవత్సరములు, ఎన్ని కిలోమీటర్లు? శక్తి ఎంత తగ్గినచో మార్చుదురు? మార్చవలసివచ్చినచో నేటి ధర ఎంత?

5. మరమ్మతు కేంద్రము ఎంత దూరము? బండి నిలిచిపోయినచో వారు వత్తురా, మనము లాగుకొని పోవలెనా?

6. బ్యాటరీ బండి అడుగున నుండును. మన పని స్థలములలోని గుంతలు, రాళ్లు దానికి తగులునా? ఖాళీ బండితోనే గాక నిండు బరువుతో మన త్రోవలోనే నడపి చూచితిమా?

7. బీమాలో వరద, తుపాను నష్టము చేరినదా?

ఈ ఏడింటికిని తృప్తికరమగు జవాబులు దొరకినవారు నిస్సంశయముగా విద్యుత్తు బండి కొనవచ్చును. పొగ లేదు, రొద లేదు, దినమునకు 60 కిలోమీటర్లు తిరుగువానికి కొన్ని ఏండ్లలో ధరలోని తేడా తీరిపోవును. జవాబులు దొరకనివారు తమ వంటి ఇద్దరిని కలుపుకొని తిరిగి లెక్క వేయవలెను. అప్పటికిని కుదరనిచో ఉన్న బండితోనే మరియొక రెండు సంవత్సరములు గడపుట నష్టము కాదు. ఈ బండ్ల రకములు ఏటేట పెరుగుచున్నవి, ఆగినవానికి మరింత మంచి బండి దొరకవచ్చును. పొరుగువాడు కొనినాడని మాత్రము కొనరాదు. అతని కిలోమీటర్లు వేరు, మన కిలోమీటర్లు వేరు. ఈ సంచికను దాచి, బండి బేరము వచ్చిన నాడు ఒక పెన్సిలుతో కూడ తీసి చూచుకొందురు గాక.